చప్పట్లు కొట్టని బల్ల

ఆగస్టులో మా ఇండియానాలో బాస్కెట్‌బాల్ ఉండదు. మొక్కజొన్న మాత్రం ఎత్తుగా పెరుగుతుంది. దాని మీద క్రీడావ్యాసం రాయలేను కాబట్టి ఏటా ఆ నెలలో, గడిచిన సీజన్‌లో మా చిన్న కాలేజీల అమ్మాయిల లీగ్‌లో బాగా ఆడిన పదిమందిని ఏరి, వరుసలో నిలబెడతాను. మా వారపత్రికలో జనం చివరిదాకా చదివేది అదొక్కటే. చదివి నన్ను తిడతారు. తిట్లు పడ్డంత కాలం నేను నిష్పాక్షికంగా ఉన్నట్టేనని నా నమ్మకం. మనిషి ఎన్ని రకాలుగా తనని తాను మెచ్చుకోగలడో తెలియాలంటే నన్ను చూడాలి.

ఈసారి చిక్కొచ్చింది. మా ఊరి కాలేజీకి ఆడే కొరీన్ నా కూతురు. ఇన్నేళ్లూ ఎక్కువగా బెంచీ మీదే కూర్చుని నాకు ఏ ఇబ్బందీ కలిగించలేదు. ఆఖరి సీజన్‌లో మాత్రం, నన్నడక్కుండా, గొప్పగా ఆడింది.

కోర్టు అంచున పత్రికలవాళ్లకి ఒక పొడవాటి బల్ల వేస్తారు. అక్కడ కూర్చున్నవాడు చప్పట్లు కొట్టకూడదు, అరవకూడదు. ఎక్కడా రాసిలేదు గానీ, తప్పినవాణ్ణి పక్కవాళ్లు చూసే చూపుకి వాడు మళ్లీ తప్పడు. నేను ఈ నియమాన్ని మతంలా పట్టుకున్నాను. చర్చిలో పెళ్లిళ్లప్పుడు కూడా నా చేతులు మోకాళ్ల మీదే ఉంటాయి. ఫిబ్రవరిలో ఆఖరి గంట మోగుతుండగా కొరీన్ సగం కోర్టు అవతలి నుంచి బంతి విసిరి ఆట గెలిపించింది. జిమ్ అంతా లేచి ఊగిపోయింది. తను ఆ గోలలోంచి మా బల్ల వైపు చూసింది. నేను తల వంచి పెన్సిల్ చెక్కుకున్నాను. అది అప్పటికే సూదిలా ఉంది.

జూలైలో ఓ రోజు గిన్నెలు తుడుస్తూ, "నేనెలా ఆడానో నువ్వొక్కసారీ చెప్పలేదు నాన్నా," అంది. కోపంగా కాదు, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు. నేనేమన్నానో తెలుసా? ఆగస్టులో పత్రిక చూడమన్నాను. ఆగస్టు ముగిసేలోగా తను ఉత్తరాన ఒక హైస్కూల్లో పిల్లలకి ఆట నేర్పే పనికి వెళ్లిపోతోంది. కాబట్టి ఆ పదిమంది వరుస నాకు వ్యాసం కాదు. తనకి బాకీపడ్డ ఒక్క మాట అందులో చెప్పాలి. చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేను. నన్ను నేను ఆ మాత్రం ఎరుగుదును.

పక్షపాతం రాకుండా ఒక పద్ధతి కనిపెట్టాను. ఒక్కో అమ్మాయి ఆటనీ పేరు లేకుండా ఒక్కో అట్టముక్క మీద రాసి, బాగా కలిపి, కళ్లు మూసుకుని ఒక్కోటీ తీసి, చదివి వరుసలో పేర్చాను. నా భార్య నోలా వంటగదిలోంచి తొంగిచూసి, పేకాట ఒక్కడివే ఆడుతున్నావా, గెలుస్తున్నావా అని అడిగింది. గెలవలేదు. "బంతి అందించే ముందు గడ్డం అవతలి వైపుకి ఎత్తుతుంది" అని రాసిన ముక్క ఎవరిదో నా నుంచి నేనెలా దాచను? ఆ ముక్కే అన్నిటికంటే పైన నిలిచింది. ఇది రక్తం చేసిన పని అనుకుని నాలుగో స్థానానికి దించాను. ఆ తర్వాత, కొడుకుని బలివ్వడానికి కొండెక్కిన అబ్రహాములా కాసేపు కూర్చున్నాను. ఆయనకి దొరికినట్టు, బిడ్డకి బదులు బలివ్వడానికి నాకు పొట్టేలేదీ కనిపించలేదు. కాఫీ చల్లారింది, అంతే.

మధ్యాహ్నం అచ్చుకి వెళ్లాలి. పొద్దున వెర్నా హోటల్లో ఆ వరుస రాసిన కాగితాన్ని కొరీన్ ముందు పెట్టాను. పక్క బల్ల దగ్గర విత్తనాలమ్మే డెల్బర్ట్ గుడ్లు తింటున్నాడు. నాతో స్కూల్లో చదువుకున్నాడు, ఆ చనువు వాడికి ఇప్పటికీ ఎక్కువే.

"నాలుగా?" అంది కొరీన్.

తక్కువైందని నొచ్చుకుందనుకున్నాను. ఓదార్పు మాటలు ముందే సిద్ధం చేసుకున్నాను కూడా.

"చాలా ఎక్కువిచ్చావు నాన్నా. ట్రిష్ కోబుల్ నా కింద ఎలా ఉంటుంది? జనవరిలో దాన్ని ఆపలేక ఫౌళ్లు చేసీ చేసీ బయటికొచ్చి కూచున్నా. నాకు కుడిచేతి ఆటే లేదని నీకు తెలీదూ? ఏడులో పెట్టు."

నాలో ఏదో పుటుక్కుమంది. పెన్సిల్ అయితే కాదు. కోబుల్‌కి తన పక్కన ఆడేవాళ్లు ఎప్పుడైనా కనబడ్డారా అని అడిగాను. చీలమండ వాచిన రోజున, దూసుకొస్తున్న ఆరడుగుల పిల్లకి ఎదురుగా ఎవరు నిలబడ్డారని అడిగాను. కొత్తగా చేరిన అమ్మాయి గురి తప్పి ఏడవబోతే, దగ్గరికెళ్లి మోచేయి తాకి ఏదో చెప్పి నవ్వించిందెవరని అడిగాను. ఇవన్నీ నేనెప్పుడు చూశానో నాకే తెలియదు. స్కోరు రాస్తున్నాననుకున్నాను. ఎప్పుడు లేచి నిలబడ్డానో కూడా తెలియదు. ఎదుటివాళ్ల చేతిలోంచి తను బంతి ఎలా కొట్టేసేదో చూపిస్తూ, ఇదిగో ఇలా, అని ఒక అరచేతిని రెండో అరచేత్తో కొట్టాను.

హోటల్లో తలలన్నీ నావైపు తిరిగాయి.

"లోవెల్ గాడు చప్పట్లు కొట్టాడర్రా," అన్నాడు డెల్బర్ట్, ఫోర్కు దించి. "ఎవరైనా పత్రికకి చెప్పండి."

"కూచో బాబూ," అంది వెర్నా, కాఫీ పోస్తూ. "జనం తింటున్నారు."

కూర్చున్నాను. చెవులు కాలుతున్నాయి. కొరీన్ తల వంచుకుని ప్లేటులోని బంగాళాదుంపల్ని అటూ ఇటూ నెడుతోంది. కాసేపటికి నా జేబులోంచి పెన్సిల్ లాక్కుని, నాలుగు కొట్టేసి ఏడు వేసింది.

"అయినా ఏడే," అంది. "ఇప్పుడు ఏడైనా ఫర్లేదు."

అచ్చాఫీసుకి నడుస్తూ సీజన్ మొత్తం మళ్లీ తలచుకున్నాను. ఏడే సరైనది. మొదటి స్థానమిచ్చింది మురిపెం, నాలుగుకి దించింది డాంబికం. ఆట తెలిసినవాళ్లు మా ఇంట్లో ఒకరే ఉన్నారు, అది నేను కాదు. ఏడు అలాగే ఉంచాను. మొదటి స్థానం పిల్లకి రెండు వాక్యాలు రాశాను. ఏడో స్థానానికి, వెర్నా హోటల్లో అన్నదంతా గుర్తున్నంత మేర, చీలమండతో సహా, అర కాలమ్ రాశాను.

తర్వాతి వారం డెల్బర్ట్ సంపాదకుడికి ఉత్తరం రాశాడు. ఏడో స్థానానికి ఇంత కవిత్వమేమిటి, మీ విలేఖరికి పక్షపాతం ముదిరింది అని. అది నా పేజీలోనే, అక్షరం మార్చకుండా అచ్చేయించాను.