బతికున్నవాడి బొమ్మ

మా కరాకోల్ ఊళ్ళో పోయినవాళ్ళ ముఖాలన్నీ నా చేతుల మీదుగానే వెళ్తాయి. సమాధి దగ్గర నిలబెట్టే నల్లరాతి పలక మీద సన్నటి ఉక్కు మొనతో చుక్కచుక్కగా ముఖం చెక్కడం నా పని. ఇంటివాళ్ళు పాస్‌పోర్టు ఫోటో పట్టుకొస్తారు. "ఆ ముడతలు కాస్త తీసెయ్యి జూరాకాన్. నవ్వు కూడా తీసెయ్యి, మర్యాదగా ఉండాలి" అంటారు. తీసేస్తాను. వాళ్ళ రాయి, వాళ్ళ మనిషి, నాకేం? నేను రాజధానిలో చిత్రకళ చదువుకున్నానని, ఒకప్పుడు సరస్సు ఒడ్డున కూర్చుని రంగులు వేసేదాన్నని ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. దేశం ముక్కలై జీతాలు ఆగిపోయినప్పుడు రంగుల పెట్టె అటకెక్కించాను. మళ్ళీ దించే పని పడలేదు.

దింపించినవాడు నా తమ్ముడు మెదెర్.

లైబ్రరీలో పనిచేసే ఐజాదా అనే అమ్మాయి పాత సినిమా హాల్లో 'మన వీధి ముఖాలు' అని ప్రదర్శన పెడతానని ఊరంతా చెప్పింది. ఎవరైనా బొమ్మ వెయ్యొచ్చు, కానీ వేయించుకునేవాళ్ళు మన మధ్య తిరుగుతున్నవాళ్ళై ఉండాలి. నన్నడిగితే కసిరాను. "బతికున్నవాళ్ళతో నాకు పడదమ్మా. వాళ్ళు కదులుతారు" అన్నాను. ఆ మాట ఎలాగో మెదెర్ చెవిన పడింది.

"నా బొమ్మ వెయ్యక్కా. వ్యాన్ ఎలాగూ నడపనివ్వడం లేదు. ఇంట్లో కూర్చుని నీ మరదలి ముఖం చూడలేక చస్తున్నా" అన్నాడు.

"ఈ ముఖం చూసే ఇన్నేళ్ళు బతికారు" అంది వంటింట్లోంచి వాడి భార్య ఆసిల్‌కాన్.

మెదెర్ సరస్సు పక్క రోడ్డు మీద వ్యాన్ తోలేవాడు. ఆ వ్యాన్‌లో రేడియో ఉండేది కాదు. వాడుండగా ఎవరికీ ఆ అవసరం రాలేదు. చలికాలంలో కడుపునొప్పి అంటే రాజధానికి తీసుకెళ్ళాం. డాక్టరు వాడితో "కడుపులో పుండు, మందులు వాడితే తగ్గుతుంది" అన్నాడు. నన్నూ ఆసిల్‌కాన్‌నీ వరండాలోకి పిలిచి అసలు సంగతి చెప్పాడు. క్యాన్సర్. కోసినా లాభం లేదట. మా దగ్గర అలాంటివి రోగికి చెప్పరు, ధైర్యం చెడిపోతుందని ఇంటివాళ్ళకే చెప్తారు. మేమిద్దరం ఆ వరండాలోనే కళ్ళు తుడుచుకుని, నవ్వుముఖం పెట్టుకుని లోపలికి వెళ్ళాం. అప్పట్నుంచి అలా నవ్వుతూనే ఉన్నాం.

అలాంటివాడు నోరు తెరిచి అడిగితే కాదని ఎలా అంటాను? పెట్టె దించాను. సగం రంగులు గట్టిపడిపోయాయి. కొత్తవి తెప్పించుకుని వాళ్ళ పెరట్లో, ఆపిల్ చెట్ల కింద వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాను.

"కదలకురా" అన్నాను.

"కదలకుండా కూర్చోవడానికి నేనేమైనా నీ పాత గిరాకీనా?"

నవ్వాను. మొదటి బొమ్మ అచ్చం రాతిపలకలాగే వచ్చింది. కళ్ళు రెండూ సమానం, నోరు మూసుకుని ఉంది, ముఖానికి వయసే లేదు. గీకేశాను. రెండోదీ అంతే. మెదెర్ వచ్చి చూసి, "వీణ్ణెవరో చాలా పద్ధతిగా పెంచారక్కా. నన్నెప్పుడు వేస్తావు?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళు అందరి ముఖాలూ సాపు చేసీ చేసీ నా చెయ్యి చెడిపోయిందనుకున్నాను.

మూడోసారి కదలొద్దని అనలేదు. వాడు తినకూడని కారం నూడుల్స్ దొంగతనంగా తెప్పించుకుని తింటూ, ఒకసారి ఎవడో పొట్టేలుని వ్యాన్ ఎక్కించి, అది తన బావమరిది, సీటిమ్మని గొడవ పడిన కథ చెప్తున్నాడు. "మరి నువ్వేమన్నావు?" అని అడిగాను. "పోలికలు కలిశాయి, కూర్చోమన్నాను!" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ఉన్న ముఖాన్ని పట్టుకున్నాను. నోరు తెరిచి ఉంది, పక్కపన్ను లేని చోటు కనిపిస్తోంది. అంత ఎండలోనూ ఒక చెయ్యి కోటుని మెడ చుట్టూ దగ్గరికి లాక్కుని పట్టుకుంది. బుగ్గకి గులాబీ వేద్దామని కుంచె ముంచబోయాను, చెయ్యి మట్టి పసుపు వైపు పోయింది. అందులో చిటికెడు ఆకుపచ్చ కలిపింది. చెవి కింద, కంటి తెల్లగుడ్డులో, ముక్కు పక్కన అదే రంగు. నేనేమీ ఆలోచించలేదు, చూస్తున్నానంతే. ఎన్నాళ్ళ తర్వాతో నా గోళ్ళలోకి రంగు చేరింది.

రోజూ వాళ్ళింటికి పరిగెత్తేదాన్ని. అన్నం సంగతి మర్చిపోయేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు దారి పొడవునా గోడల మీది ఎండనీ, చెట్ల నీడల్నీ రంగులు విడదీసుకుంటూ నడిచేదాన్ని. ఒక సాయంత్రం నాలో నేను పాట పాడుకుంటూ వస్తున్నానని తెలిసి రోడ్డు మీదే ఆగిపోయాను. తమ్ముడు చచ్చిపోతున్నాడు, నాకు సంతోషంగా ఉంది. సిగ్గుతో తల దించుకున్నాను. అయినా ఆ సంతోషం పోలేదు.

బొమ్మ పూర్తయ్యాక ఆసిల్‌కాన్ చూసింది. నన్ను గుమ్మం అవతలికి లాక్కెళ్ళింది.

"వదినా, దీన్ని ప్రదర్శనలో పెట్టొద్దు."

"ఏం? బాగాలేదా?"

"బాగుంది. అదే నా బాధ. నేను రోజూ దుప్పటి సర్దుతూ చూడకుండా తప్పించుకునేదంతా ఇందులో ఉంది. కాస్త బుగ్గల మీద ఎరుపు వెయ్యి వదినా, నీ కాళ్ళు పట్టుకుంటా."

ఒళ్ళు మండింది. ఇదీ ముడతలు తియ్యమనే బేరమే కదా అనిపించింది. తర్వాత అది రోజూ సర్దే ఆ దుప్పటి గుర్తొచ్చి కోపం చల్లారింది. లోపలికి వెళ్ళి కుంచె ఎరుపులో ముంచాను. బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను. బుగ్గ మీద ఆ ఎరుపు పడితే అక్కడ ఉండేది నా తమ్ముడు కాదు, ఇంకో రాయి. నా వల్ల కాలేదు.

"ఏంటా గుసగుసలు?" అని మెదెర్ వచ్చాడు. "నన్ను గోడకెక్కిస్తారా, ముసుగేసి దాచుకుంటారా? ఊరంతా చూడాలి. జన్మలో మొదటిసారి నేను నోరు తెరిచినా ఎవరూ ముయ్యమనరు."

అలా ఆ బొమ్మ గోడకెక్కింది.

ప్రదర్శన రోజు హాలంతా కిటకిటలాడింది. ఒక మూల టీ నీళ్ళ సమోవార్ మరుగుతోంది, పళ్ళెం నిండా వేయించిన పిండిముక్కలు. జనం ఎవరి ముఖం వాళ్ళు వెతుక్కుని, "నా ముక్కు ఇంత లావా?" అని వేసినవాళ్ళతో దెబ్బలాడుతున్నారు. మెదెర్ టై కట్టుకుని పెళ్ళికొడుకులా తిరుగుతున్నాడు. నా బొమ్మ దగ్గర మాత్రం వచ్చినవాళ్ళు ఎక్కువసేపు నిలబడి, తక్కువ మాట్లాడి వెళ్తున్నారు.

అప్పుడొచ్చింది మా వీధి చివరింటి కలీచా పెద్దమ్మ. చలికాలం నుంచీ కూతురి ఊళ్ళో ఉండి ముందురోజే దిగింది. ఒక్కో బొమ్మే చూసుకుంటూ వచ్చి మెదెర్ బొమ్మ ముందు ఆగింది. కాసేపు చూసింది. రెండు అరచేతులూ చాచి ఏదో గొణిగి, వాటితో ముఖాన్ని పైనుంచి కిందికి తుడుచుకుంది. మేం శ్మశానం పక్కనుంచి వెళ్ళేటప్పుడు, పోయినవాళ్ళ కోసం చేసేది అదే.

"మంచివాడు. నన్ను ఎప్పుడూ గుమ్మం దాకా దింపేవాడు. ఎప్పుడు పోయాడమ్మా? నాకెవరూ చెప్పలేదే" అంది.

"ఇంకా పోలేదు పెద్దమ్మా, టీ తాగుతున్నా" అన్నాడు వెనకనుంచి మెదెర్.

హాలు గొల్లుమంది. పెద్దమ్మ కెవ్వుమని, "నీ నోరు పడిపోను!" అంటూ వాడి భుజం మీద రెండు అంటించి, ఏడుస్తూ నవ్వింది. వాడూ నవ్వాడు. ఆవిడకి ఎందుకలా అనిపించిందో చూద్దామని బొమ్మ వైపు తిరిగాడు. ఇంట్లో చూసినప్పుడు వాడు నవ్వునే చూసుకున్నాడు. ఇప్పుడు మిగతాది చూశాడు. చూస్తూ చూస్తూ చెయ్యెత్తి తన మెడ దగ్గర కోటుని తడుముకున్నాడు. ఆసిల్‌కాన్ వైపు చూశాడు. అది కప్పులు సర్దుతున్నట్టు వంగింది, కప్పులు గలగలలాడాయి. అప్పుడు నా వైపు చూశాడు.

ఎంతమంది ముఖాలో సరిచేసినదాన్ని, నా ముఖం సరిచేసుకోలేకపోయాను.

"అక్కా, పుండు కాదు కదూ?"

"కాదురా."

"ఎన్నాళ్ళన్నారు?"

"మంచు పడేదాకా."

వాడు తలాడించాడు. చేతిలోని టీ కప్పు జాగ్రత్తగా కిటికీ గట్టు మీద పెట్టాడు. "మీ ఇద్దరికీ ముందే తెలుసు. చూడగానే పెద్దమ్మకీ తెలిసింది. చచ్చేవాడికి తప్ప అందరికీ తెలుసన్నమాట" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

ఏం చెయ్యాలో తెలియక బొమ్మ దించేద్దామని చెయ్యి ఎత్తాను. నా మణికట్టు పట్టుకున్నాడు. అంత సన్నబడిన చేతిలో అంత బలం ఉందనుకోలేదు.

"దాన్ని ముట్టుకోకు" అన్నాడు. "పోయిన చలికాలం నుంచీ నాతో అబద్ధం చెప్పనిది అదొక్కటే."