ఒకరి ముఖానికి ఒకరు

చిట్టి ఫోటో స్టూడియోలో పని చేసేది. ఫోటో తీయడం యజమాని వంతు, తీసిన ముఖాలకు మెరుగులు దిద్దడం ఆమె వంతు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కంప్యూటరు ముందు కూర్చుని మొటిమలు చెరపడం, కళ్ళ కింద నలుపు తుడవడం, చామనచాయను ఒక మెట్టు పైకి లాగడం. అలాంటి ముఖాలు చూసీ చూసీ ఇంటికి వస్తే, తన ముఖం తనకే దిద్దకుండా వదిలేసిన ఫోటోలా కనిపించేది.

సరిగ్గా అప్పుడే స్టూడియో పక్కనున్న బ్యూటీ పార్లరు అమ్మాయి ఒక చిన్న డబ్బా ఆమె చేతిలో పెట్టింది. దాని మీద పేరు లేదు, ఊరు లేదు.

"రోజూ పడుకునే ముందు రాసుకో అక్కా. తర్వాత నువ్వే నన్ను వెతుక్కుంటూ వస్తావు చూడు" అంది.

నిజంగానే వెతుక్కుంటూ వెళ్ళింది చిట్టి. ముఖం మీగడలా తెల్లగా తేలింది. ఆమె బాబాయ్ అని పిలిచే స్టూడియో యజమాని కళ్ళజోడు పైకి తోసి, "ఏంటమ్మా, ఈసారి నిన్ను నువ్వే దిద్దుకున్నావా?" అని నవ్వాడు. ఆ పూట చిట్టి కాళ్ళు నేల మీద ఆనలేదు.

డబ్బా మీద డబ్బా ఖాళీ అవుతూ రెండేళ్ళు గడిచాయి. ఆ తర్వాత ఎండలోకి వెళ్తే చెంపలు చురుక్కుమనడం మొదలైంది. చర్మం పల్చబడి, కింద ఎర్రటి నరాలు దారాల్లా తేలాయి. భయం వేసి రాయడం ఆపేసింది. ఆపిన కొద్ది రోజులకే ముఖమంతా కందిపోయి, పొక్కులు లేచి, నీళ్ళు తగిలినా మంట పుట్టింది. స్నానాలగదిలో అద్దం చూసుకుంది. తువ్వాలు తీసి అద్దం మీద కప్పేసింది.

చిట్టి భర్త బస్సు డ్రైవరు. ఆ వారం దూరపు రూటులో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది అత్తగారు ఒక్కరే. ఆవిడ బట్టల మిల్లులో పని చేసి రిటైరైన మనిషి. మగ్గాల చప్పుడులో బతికినందుకేమో, మాట్లాడితే గొంతు పక్కింటికి కూడా వినబడేది. అత్తాకోడళ్ళ మధ్య గొడవలు లేవు. గొడవ పడాలన్నా మాటలుండాలి కదా, అవీ అంతంత మాత్రమే.

ఆ ఉదయం ఆవిడ గది తలుపు తట్టి లోపలికి తొంగి చూశారు.

"అయ్యో, ఏంటే ఇది! బూరెలా వాచిందే ముఖం!"

"ఏం కాలేదత్తయ్యా. తగ్గిపోతుంది."

"తగ్గే ముఖమేనా అది? లే, చీర మార్చుకో. ఆసుపత్రికి పోదాం పద."

చర్మం డాక్టరమ్మ చిట్టి ముఖాన్ని వెలుతురుకు తిప్పి తిప్పి చూసింది. డబ్బా సంగతంతా ఓపిగ్గా వింది. అందులో స్టెరాయిడ్ మందు కలిసి ఉంటుందని, చర్మం దానికి అలవాటు పడిపోయిందని చెప్పింది.

"తగ్గుతుందమ్మా, కానీ నెలలు పడుతుంది. తగ్గే ముందు కాస్త పెరుగుతుంది కూడా. అప్పుడు కంగారుపడి మళ్ళీ ఆ డబ్బా తియ్యొద్దు. పొద్దున నురుగు ఎక్కువ రాని ఫేస్‌వాష్‌తో కడుక్కోండి, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాయండి, దాని మీద సన్‌స్క్రీన్. ఎండలో తిరిగితే మధ్యలో మళ్ళీ రాయాలి. పడుకునే ముందు కడుక్కుని మాయిశ్చరైజర్, నేనిచ్చే మందు. అంతే. నిమ్మరసం వద్దు, సున్నిపిండి వద్దు, ఎవరు చెప్పిన చిట్కా అయినా వద్దు."

"ఇంతేనా?" అన్నారు అత్తగారు, తక్కువ తూకం వేసిన కొట్టువాణ్ణి చూసినట్టు చూస్తూ.

"ఇంతేనండీ. రోజూ చెయ్యడమే కష్టం" అని డాక్టరమ్మ నవ్వి, "మరి మీ చేతులకేమైంది?" అంది.

అత్తగారు గబుక్కున కొంగు లాక్కున్నారు. అప్పటిదాకా ఆవిడ గోక్కుంటూనే ఉన్నారని చిట్టికి అప్పుడే తెలిసింది. మోచేతుల నుంచి మణికట్ల దాకా చర్మం పొలుసులు లేచి, పగుళ్ళిచ్చి ఉంది. వీపు కూడా అంతేనట. బట్టల సబ్బుతో రుద్దుకుంటే దురద తగ్గుతుందని ఏళ్ళుగా అదే వాడుతున్నారట. ఒకే ఇంట్లో ఉంటూ ఆ చేతులను తను ఎప్పుడూ సరిగ్గా చూడలేదని చిట్టికి తల కొట్టేసినట్టయింది.

ఇద్దరూ రెండు సంచుల మందులతో ఇంటికి వచ్చారు.

మర్నాడు పొద్దున చిట్టి ముఖం కడుక్కుంది గానీ, అద్దం మీది తువ్వాలు తీయడానికి చేయి రాలేదు. చూడకుండా రాసుకోబోతే వేలు పొక్కుకు తగిలి ప్రాణం పోయినంత పనైంది. అత్తగారు అంతా గమనించి, వాకిట్లో వెలుతురు పడేచోట ఎదురెదురుగా రెండు కుర్చీలు వేశారు.

"నువ్వు అద్దం చూడవు, నా వీపు నాకు అందదు. కూర్చో. నీకు నేను రాస్తా, నాకు నువ్వు రాయి."

ఆవిడ వేళ్ళు గరుకే. అయినా ఎంత మెల్లగా రాశారంటే, చిట్టికి మంట కంటే ముందు ఏడుపొచ్చింది.

"ఏడవకే, రాసిందంతా కారిపోతుంది" అన్నారావిడ.

అలా మొదలైంది. పొద్దున కాఫీకి ముందు ఒకసారి, రాత్రి భోజనాలయ్యాక ఒకసారి. నోరు ఊరికే ఉండదు కాబట్టి మాటలు కూడా వచ్చి చేరాయి. మిల్లు కబుర్లు, స్టూడియో కబుర్లు. రూటు నుంచి వచ్చిన భర్త ఈ తంతు చూసి పకపకా నవ్వాడు. కిటికీ వైపు చెంప ఒక్కటే నల్లబడ్డ అతని ముఖాన్ని వాళ్ళమ్మ చటుక్కున పట్టుకుని, సన్‌స్క్రీన్ పులిమి పంపించారు.

డాక్టరమ్మ అన్నట్టే తగ్గే ముందు ముఖం మీద ఎరుపు, పొక్కులు ఇంకా పెరిగాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే చిట్టి తమ్ముడి పెళ్ళి వచ్చిపడింది. పెళ్ళికి ముందు రోజు సాయంత్రం ఆమె బీరువా అడుగు నుంచి పాత డబ్బా ఒకటి తీసింది. అంచులకు కాస్త క్రీము మిగిలి ఉంది. ఒక్క పూట రాస్తే చాలు, రేపటికి ముఖం ముఖంలా ఉంటుందనుకుంది. మూత తిప్పుతుండగా అత్తగారు గుమ్మంలోకి వచ్చారు.

ఇల్లెగిరిపోయేలా అరుస్తారని చిట్టి బిగుసుకుపోయింది. ఆవిడ అరవలేదు. మంచం మీద కూర్చుని రెండు చేతులూ చాపారు.

"ముందు నాకు రాయి. తర్వాత నీ ఇష్టం."

చిట్టి డబ్బా పక్కన పెట్టి మాయిశ్చరైజర్ తీసుకుంది. మోచేతి దగ్గర మొదలుపెట్టి కిందికి రాస్తూ వచ్చింది. పొలుసులు లేవు. పగుళ్ళు పూడిపోయాయి. రోజూ రాస్తున్నా ఆ మార్పు అప్పటిదాకా ఆమె కంటికి ఆనలేదు. మణికట్టు దాకా వచ్చి ఆగిపోయింది.

"మెత్తబడ్డాయి అత్తయ్యా."

"మరి! ఎవరి చేతి చలవ?"

చిట్టి లేచి వెళ్ళి డబ్బాను చెత్తబుట్టలో పడేసి వచ్చి, ముఖం కడుక్కుని, ఆవిడ ఎదురుగా కూర్చుంది.

పెళ్ళికి ఎర్రటి ముఖంతోనే వెళ్ళింది. ఒక దూరపు పిన్ని బుగ్గలు నొక్కుకుని, "అయ్యో, ఏం ముఖమే అది! ఎలా ఉండేదానివి!" అని నలుగురూ వినేలా అంది. చిట్టి తల వంచుకునేలోపే అత్తగారి మిల్లు గొంతు లేచింది.

"దాని ముఖానికి మందు దొరికింది వదినా, తగ్గుతోంది. నోటికి కూడా ఏదైనా ఉందేమో డాక్టరమ్మని అడిగి నీకు కబురు చేస్తాం."

పెళ్ళికొడుకు కూడా పీటల మీద నవ్వాపుకోలేకపోయాడు. చాలా రోజుల తర్వాత చిట్టి కూడా గట్టిగా నవ్వింది. నవ్వితే చెంపలు మండాయి, అయినా నవ్వింది.

ఆ తర్వాత ముఖం నెమ్మదిగా దారికొచ్చింది. మంట పోయింది, పొక్కులు పోయాయి, ఎరుపు చివరికి ముక్కు పక్కన మాత్రం కొంచెం మిగిలింది. మీగడ తెలుపు మళ్ళీ రాలేదు. వచ్చింది తన సొంత చామనచాయ. అది చూసుకుని చిట్టి, ఊరి నుంచి చుట్టం క్షేమంగా దిగినంత సంబరపడింది.

ఇప్పుడు తన ముఖానికి తనే రాసుకోగలదు. అయినా ఆ కుర్చీలు లోపల పెట్టలేదు. ఒకరోజు భోజనాలయ్యాక అత్తగారి వీపుకు రాస్తూ, ఎన్నాళ్ళుగానో చెప్పాలనుకున్న మాట బయటపెట్టింది.

"అత్తయ్యా, మీరు లేకపోతే నేను ఏమైపోయేదాన్నో."

"ఏమైపోతావు? నీ మొగుడు రాసేవాడు, బస్సు చక్రానికి గ్రీజు రాసినట్టు."

చిట్టి నవ్వింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. పక్కింటికి వినబడని గొంతుతో అన్నారు.

"మీ మావయ్య పోయాక నా ఒంటి మీద ఇంకో మనిషి చెయ్యి పడింది లేదే. దురదొక్కటే తగ్గిందనుకుంటున్నావా నువ్వు?"

చిట్టి మరి కాస్త క్రీము తీసుకుని, అరచేతుల్లో వెచ్చబరిచి, భుజాల దగ్గర నుంచి మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.