యంత్రానికి చందనం బొట్టు

నా ఆవకాయ జాడీకి బూజు పట్టిందని చెప్పే మొనగాడు మా చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో ఇంకా పుట్టలేదు. ముప్పై ఏళ్లుగా ఊరగాయలు పెట్టి అమ్ముతున్నాను. అలాంటి ఈ చంద్రకళకు మేనకోడలైన ప్రగతి, అంత చదువూ చదివి, మనలిలో షెడ్డు తీసుకుని బూజు పెంచుతోంది! మొదట్లో ఈ మాట మా వీధిలో చెప్పాలంటే తల కొట్టేసినట్టుండేది.

చెరకు పిప్పిని ఉడికించి, ట్రేలలో పరిచి, దానిమీద తెల్ల బూజు పెంచుతారు. ఆ బూజునుంచి కైటోసాన్ అనే పదార్థం తీస్తారు. దానితో పుండ్లమీద వేసే పల్చటి పొర తయారవుతుందట. రొయ్యల పొట్టునుంచి కూడా తీస్తారట గానీ, రొయ్యలు పడనివాళ్లకు ఇదే మేలని ప్రగతి చెప్పింది. అది విన్నాక నేనే రోజూ క్యారియర్ పట్టుకుని మనలి బస్సెక్కడం మొదలుపెట్టాను. మా పిల్ల కదా!

కానీ దసరా తర్వాత వరసగా రెండు విడతలు పాడయ్యాయి. తెల్లగా ఉండాల్సిన ట్రేలు ఆకుపచ్చగా మారాయి. మూడోది కూడా పోతే షెడ్డు ఖాళీ చెయ్యాలని స్థలం ఇచ్చినవాళ్లు చెప్పేశారు. ఆ మధ్యాహ్నం ప్రగతి అన్నం కెలుకుతూ కూర్చుంది.

"నాలుగేండ్ల కష్టం అత్తా. అంతా పోయినట్టే," అంది.

నాకు ఒళ్లు మండింది. యంత్రాలు చూసుకునే మణిమారన్ మీద విరుచుకుపడ్డాను. "చేతులు కడగతా ఉండావా లేదా? తడి చెయ్యి పెడితే జాడీ చెడిపోద్దని మా ఇంట్లో చిన్నబిడ్డక్కూడా తెలుసు!"

"అయ్యో అక్కా, మూడుసార్లు సోపేసి కడుగుతా. సత్యమా!" అని తమిళంలో ఒట్టేశాడు పాపం.

ఇక లాభం లేదని కొంగు బిగించి నేనే వెతికాను. బూజు వాసన నాకు కొత్తా? లోపలికి గాలి పంపే పెట్టె దగ్గర నా ముక్కు ఆగింది. పెట్టెకు అడ్డంగా బిగించిన వడపోత గుడ్డమీద చందనం, కుంకుమ. చందనం చుట్టూ పచ్చటి బూజు.

ఆయుధ పూజనాడు అన్ని యంత్రాలకూ బొట్లు పెట్టింది నేనే. ఆ తర్వాత ప్రతి శుక్రవారం, మా పిల్లకు మంచి జరగాలని, ఎవరికీ చెప్పకుండా తడిచేత్తో కొత్త చందనం అద్దిందీ నేనే. ఆ తడికి గుడ్డంతా బూజు పట్టి, గాలితోపాటు లోపలికి పోయింది.

నోరు మూసుకుని గుడ్డ మార్చేస్తే ఎవరికీ తెలియదు. అబద్ధమెందుకు, ఒక్క క్షణం అలాగే అనుకున్నాను. కానీ కారణం తెలియకపోతే ఆ పిల్ల తనను తానే తిట్టుకుంటూ కూర్చుంటుంది.

"ప్రగతీ, ఈడికి రా. నీ ట్రేలు చెడగొట్టింది నేనే," అన్నాను. "మణిమారన్, నిన్ను ఊరికే తిట్టినాను. మన్నించప్పా."

ప్రగతి గుడ్డను చూసింది, నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. నవ్వింది!

"నెలనుంచీ వెతకతా ఉండాం, దొరకలా. నీ ముక్కు ఒక్కరోజులో పట్టేసిందే అత్తా!"

గుడ్డ మార్చారు, గదంతా కడిగారు. నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చేతులు కడిగి, ఆరబెట్టుకోనిదే ప్రగతిని కూడా లోపలికి పోనివ్వలేదు. పన్నెండో రోజు ట్రేలు తెరిస్తే ఒక్క పచ్చ మచ్చ లేదు, మల్లెపూలు పరిచినట్టుంది. ఇంకో నెలకు, ఆస్పత్రికి పంపిన పొర పరీక్షలో నెగ్గిందనీ, షెడ్డు మాకే ఉంటుందనీ కబురొచ్చింది. నాకు ఏడుపాగలేదు.

"మెషిన్‌కి బొట్టు పెట్టత్తా," అంది ప్రగతి.

అలవాటు కొద్దీ సంచిలో చందనం డబ్బా తడిమి, ఆగాను. నుదుటిమీది బొట్టుబిళ్ళ తీశాను. "ఆడ స్పిరిట్ వేసి తుడువప్పా," అన్నాను మణిమారన్‌తో. తుడిచింది ఆరేదాకా ఆగి, అప్పుడు అంటించాను.

ఇప్పుడు మా వీధిలో ఎవరైనా మీ పిల్ల ఏం చేస్తోందని అడిగితే, నాలుగిళ్లకు వినపడేట్టు చెబుతాను.

"బూజు పెంచతా ఉండాది!"