అకులీనా పెద్ద గది

హాలండ్ నుంచి వస్తున్న పిల్లలు ఇల్లు వెచ్చబెట్టే గోడపొయ్యి ఉచితంగా కట్టిపెడతారని బడిపంతులమ్మ వియోరికా చెప్పినప్పుడే అకులీనాకు అనుమానం వచ్చింది. ఉచితంగా వచ్చేది జలుబొక్కటేనని ఆమె మొగుడు బతికుండగా అనేవాడు. కానీ పాత పొయ్యి నిలువునా పగిలింది. పోయిన చలికాలమంతా ఇల్లు పొగతో నిండి, దగ్గి దగ్గి ఆమె పక్కటెముకలు పట్టేశాయి. విధి లేక ఒప్పుకుంది. ఒప్పుకున్న దగ్గర్నుంచీ మనసు మనసులో లేదు.

"వాళ్ల గుడిలో పటాలుండవు, కొవ్వొత్తులుండవు. నా పొయ్యి మీద వాళ్లకెందుకే అంత ప్రేమ?" అని వియోరికాను నిలదీసింది.

"దేవుడి పేరున చేస్తారు పెద్దమ్మా."

"ఏ దేవుడి పేరున?"

"ఉన్నది ఒక్కడేగా!"

"ఆ మాట నాక్కాదు, మన ఫాదరుగారికి చెప్పు."

పిల్లలు వ్యానులో దిగారు. అందరూ ఇరవై దాటని వాళ్లే. వాళ్ల నాయకుడు హైస్ అనే పొడుగాటి కుర్రాడు. ఇటుకలు దించగానే వాకిట్లో చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి, కళ్లు మూసుకుని ప్రార్థించారు. అకులీనా మాత్రం కళ్లు మూయలేదు. అంతమంది కళ్లు మూసుకున్న చోట ఒకరైనా తెరిచి ఉంచడం మంచిదనుకుంది.

తర్వాత చూస్తే ఒక్కొక్క పనీ తేడాగానే కనిపించింది. బావిలో నీళ్లు తోడి ఇస్తే తాగరు, సీసాల్లో తెచ్చుకున్న నీళ్లే తాగుతారు. పని చేస్తూ ఊరికే నవ్వుతారు. హైస్ ఫోను ఎత్తి ఫొటో తియ్యబోతే ఆమె చీపురు అడ్డం పెట్టింది.

"నా లేమి నాది. మీ ఊళ్లో చూపించుకోవడానిక్కాదు," అంది. వియోరికా ఆ మాటను ఎలా చెప్పిందో గానీ, హైస్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

తోడికోడలు ప్రొఫీరాది పక్కిల్లే. ఇద్దరికీ పడక చాలాకాలమైంది. అయినా ఆ రోజు కంచె మీద మోచేతులాన్చి పలకరించింది.

"అక్కా, పెద్ద గదికి తాళం వేశావా? అవతలి ఊళ్లో ఇలాగే ఒకావిడకి పొయ్యి కట్టి, ఏట్లో ముంచి తమ మతంలో కలిపేసుకున్నారట."

"ఎవరు చెప్పారు?"

"చెప్పేదేముంది, లోకం కోడై కూస్తోంది."

అకులీనా జాకెట్టు లోపల తాడుకు కట్టిన తాళంచెవిని తడుముకుంది. కాసేపటికి చూస్తే అదే ప్రొఫీరా వియోరికాను కంచె దగ్గరికి పిలిచి, ఆ పిల్లలకు చెప్పమని ఏదో గుసగుసలాడుతోంది. ఆ పిల్లల్లో ఒకతె, రిన్స్కె అనే మచ్చల మొహం పిల్ల, పక్కనే నిలబడి వింటోంది. ఆ తర్వాత ఆ పిల్ల నవ్వడం మానేసింది. సున్నం కలుపుతూ మాటిమాటికీ తాళం వేసిన తలుపు వైపే చూసింది.

దొంగచూపులేనని అకులీనా అనుకుంది. మొక్కజొన్న పిండితో మామలీగ కెలుకుతున్నదల్లా గరిటె వదిలేసి ఇంటి వెనక్కి వెళ్లింది. అనుకున్నంతా అయింది. రిన్స్కె పెద్ద గది కిటికీకి ముక్కు ఆనించి లోపలికి చూస్తోంది.

"ఏం చూస్తున్నావే?"

ఆ పిల్ల ఉలిక్కిపడి, వెంటనే ఎర్రబడి ఏదో గబగబా అంది. గొంతులో భయం కన్నా కోపమే ఎక్కువుంది. వియోరికా, ఆమె వెనకే హైసూ పరుగెత్తుకొచ్చారు.

"ఏమంటోంది?"

వియోరికా నసిగింది. "ఏం లేదు పెద్దమ్మా, చిన్నపిల్ల..."

"తేనె పూయకు. ఉన్నదున్నట్టు చెప్పు."

"మీరు నిరుపేదలని తెలిసి వచ్చామంటోంది. లోపల తివాచీలు దూలం దాకా పేర్చి ఉన్నాయట. మీరు ఉన్నవాళ్లేనని ప్రొఫీరా పిన్ని చెప్పింది నిజమేనా, మమ్మల్ని మోసం చేశారా అని అడుగుతోంది."

అకులీనాకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ తాను వాళ్లను అనుమానిస్తోంది గానీ, వాళ్లే తనను అనుమానిస్తారన్న ఊహ ఆమెకు కలలో కూడా రాలేదు. తాడు లాగి తాళం తీసి, తలుపు బార్లా తెరిచింది.

"రండి, చూడండి! ఇదేదీ నాది కాదు. నా చావుది."

లోపల ఉన్ని తివాచీలు, కుట్టుపని తువ్వాళ్లు, దిండ్లు, బొంతలు. అన్నీ ఆమె నేసినవి, కుట్టినవే. ఒక్కొక్కటీ చేత్తో కొట్టి చూపించింది.

"ఇవి నా పెట్టె మోసేవాళ్లకి. ఇది గొయ్యి తవ్వేవాడికి. ఈ బొంత నన్ను కడిగే ఆడమనిషికి. ఇక్కడ నలుగురికి ఇచ్చిపోయినదే పైలోకంలో నాకు అందుతుంది. అందుకే వట్టి మామలీగ తిని ఉన్ని కొన్నాను."

హైస్ మెల్లిగా ఏదో అడిగాడు, వియోరికా విప్పి చెప్పింది. "ఇందులో రెండు అమ్మినా పొయ్యి వచ్చేది కదా అంటున్నాడు."

"వచ్చేది. అక్కడికి వట్టి చేతులతో పొమ్మంటాడా?"

అకులీనాకు అప్పుడే ఒక ఆలోచన వచ్చింది. వీళ్ల కడుపులో ఏముందో తేల్చుకోవాలి. పైనున్న తువ్వాలు తీసి, వంటింట్లోంచి రొట్టె తెచ్చి దాని మీద పెట్టి రిన్స్కె ముందుకు చాపింది.

"తీసుకో. నా ఆత్మ కోసం ఇస్తున్నా. 'దేవుడి దగ్గర నీకు అందుగాక' అను."

తీసుకోమని హైస్ ఆ పిల్లను మోచేత్తో పొడిచాడు. ఆ పిల్ల మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఆ మాట అనలేనంటోంది పెద్దమ్మా," అంది వియోరికా గొంతు తగ్గించి. "మనం ఇచ్చేవి చనిపోయినవాళ్లకి అందుతాయని తను నమ్మదట. నమ్మకుండా అంటే మీకు అబద్ధం చెప్పినట్టవుతుందట. మోసగత్తె అనుకున్నందుకు మాత్రం క్షమించమంటోంది."

అకులీనా రొట్టె పట్టుకునే ఆ పిల్ల మొహంలోకి తేరిపార చూసింది. మనిషిని బుట్టలో వేసుకోవాలని వచ్చినదైతే చేతులు జోడించి మరీ ఆ మాట అనేసేది. మొహం మీద కాదనేవాళ్లకు ఏం కావాలో ఆమెకు తోచలేదు.

"మొండిఘటం," అంది చివరికి.

"ఇది కూడా చెప్పమంటారా?"

"అదే చెప్పు."

విని రిన్స్కె ఏడుపులోనే నవ్వింది.

"సరే, నా ఆత్మ కోసం వద్దు. చేతులు తుడుచుకోవడానికి తీసుకో, సున్నమంతా అంటుకుంది. నేనెందుకిచ్చానో, నువ్వెందుకు తీసుకున్నావో పైనున్న ఆయనకి తెలుసు. మధ్యలో మనకెందుకు?"

రిన్స్కె రెండు చేతులూ చాపి తీసుకుంది. రొట్టెను తుంచి అక్కడే నిలబడి తింది. అందరూ బయటికి వచ్చాక అకులీనా గదికి మళ్లీ తాళం వేసి, గట్టిగా లాగి చూసుకుంది.

పొయ్యి పూర్తిచేసి పిల్లలు వెళ్లిపోయారు. వచ్చిన ఆదివారం అకులీనా గుడిలో బతికున్నవాళ్ల కోసం వెలిగించే పళ్లెంలో ఒక కొవ్వొత్తి ఎక్కువ నిలబెట్టింది. ఎవరి పేరున అని ఫాదరు అడిగారు.

"రిన్... రిన్స్..." అని రెండుసార్లు ప్రయత్నించి వదిలేసింది. "నాకు నోరు తిరగదు ఫాదర్. ఆయనకి తిరుగుతుందిలెండి."