లియోంతీన్ పొట్ట

పొయ్యిలో బూడిద ఎత్తాలి. అత్తగారికి సూప్ వెచ్చబెట్టాలి. భర్త ఆర్మాన్ చొక్కా కాలర్లు ఇస్త్రీ చెయ్యాలి. అతను సగం చేసి వదిలిన మట్టిబొమ్మ బీటలు వారకుండా తడిగుడ్డలు కప్పాలి. ఆర్మాన్ కంటే ముందు పోత కార్ఖానాకు చేరుకోవాలి.

ఆ చివరిది తలుచుకుంటేనే సోలాంజ్‌కు భయం.

అక్కడున్నది పెళ్లయ్యాక ఆమె తనకోసం చేసుకున్న మొదటి బొమ్మ. అందులో బట్టలుతికే లియోంతీన్ స్టూలు మీద కూర్చుని ఉంటుంది, పొట్ట తొడల మీదికి జారి. అచ్చు తీయకుండా నేరుగా మైనంతో చేసింది. కార్ఖానాలో దానిమీద పూత పూసి, గట్టిపడ్డాక మైనం కరిగించి, ఆ ఖాళీలో కంచు పోస్తారు. పూత పడ్డాక ఇక ఎవరూ మైనాన్ని గీకలేరు. ఉన్నది ఆ ఒక్క మైనమే. చెడితే మళ్లీ కూర్చోవడానికి లియోంతీన్ లేదు, మొన్న చలికాలం జ్వరంతో పోయింది. “దీన్ని దాచకమ్మా, ఆరుగురు అద్దె కట్టకుండా కాపురమున్న కొంప ఇది” అని పొట్ట తట్టుకుని నవ్వేది.

నిన్న భోజనం దగ్గర ఆర్మాన్ రొట్టె విరుస్తూ అన్నాడు: “రేపు నేనెళ్లి ఆ పొట్ట కాస్త గీకేస్తాలే. నీ మంచికే. అలాంటిది ఎవరింట్లో పెట్టుకుంటారు?” కొడుకు చెయ్యి పడితేగాని అది బొమ్మ అనిపించుకోదంది అత్తగారు. అతని బొమ్మలకు చేతులూ పాదాలూ చేసేది సోలాంజే. పత్రికలు వాటినే మెచ్చుకున్న రోజున కూడా ఆమె ఎంగిలి ప్లేట్లే తీసింది. నిన్నా అంతే.

ఇవాళ అతను మంగలి దగ్గరికి వెళ్లగానే కోటు తగిలించుకుంది. బస్సులోంచి చూస్తే ప్రతి కారూ అతనిదిలాగే ఉంది. వెళ్లగొడితే ఎక్కడ తలదాచుకోవాలి? మళ్లీ మట్టి ముట్టుకోనిచ్చేదెవరు?

కార్ఖానాలో పోతపని మేస్త్రీ గాస్పార్ పూత కలిపి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తనొచ్చి సరిచేసేదాకా ఆగమని అయ్యగారు ఫోన్ చేశారట.

“బొమ్మ ఎవరిది గాస్పార్?”

“మీదేనమ్మా. కానీ ఆయన నా మీద పడతారు.”

“పడితే నా మీద పడతాడు. నాకూ భయంగానే ఉంది. మీరు పూయండి.”

అతను తలుపు వైపు చూసి, కుంచె ముంచాడు. మొదటి పూత పొట్ట మీదే వేశాడు. బయట కారు ఆగింది. సోలాంజ్ వెళ్లి తలుపు గడియ పెట్టి, రెండో కుంచె అందుకుంది.

ఆ బొమ్మ ఇప్పుడు కంచులో ఉంది, పొట్టతో సహా. ఎప్పుడైనా దాని ముందు ఆగితే, చేసినామె పేరు మరిచినా ఫరవాలేదు. ఆరుగురు బిడ్డల్ని మోసి, ఊరందరి మురికీ ఉతికి పోయిన లియోంతీన్‌ను మాత్రం గుర్తుంచుకోండి.