మసికి పెట్టే బిళ్ళలు

మా మామగారు నలభై ఏళ్ళు బేకరీ నడిపారు. ఆయన చేతి బిస్కెట్టు తినకుండా మా గడప దాటి వెళ్ళిన మనిషి లేడు. మీటరు చూడటానికి వచ్చినవాడైనా సరే, నోరు కదిపి వెళ్ళాల్సిందే. వద్దన్నవాళ్ళతో ఆయన వారం రోజులు మాట్లాడరు. ఈ ఇంట్లో అందరం ఆ అలకకు భయపడే బతికాం, అందరికంటే ఎక్కువగా నేను.

మా అమ్మాయి పెంచుకున్న తెల్ల కుందేలు దూదికి కూడా ఆయన రోజూ ఒక వెన్న బిస్కెట్టు పెట్టేవారు. పోయినేడు దాని కడుపు ఉబ్బింది. రెండు రోజులు మూలన ముడుచుకుని, మూడోరోజు పోయింది. "దాని ఆయుష్షు అంతే," అన్నారు మామగారు. నేను తల ఊపాను. చక్కెర, వెన్న, మైదా కుందేలు పేగులకు పడవని, పైగా అది తిన్నది కక్కలేదని పశువుల డాక్టరమ్మ నాతో చెప్పిన మాట మాత్రం బయటపెట్టలేదు.

ఇప్పుడు నల్ల కుందేలు వచ్చింది. పేరు మసి. దీని తిండి నా చేతిలోనే ఉంటుందని తెచ్చిన రోజే తేల్చి చెప్పాను. గూట్లో ఎప్పుడూ ఎండుగడ్డి ఉండాలి, అదే దాని అన్నం. ముద్దుకు పెట్టేది బొటనవేలి గోరంత బిళ్ళ, రోజుకొకటి. ఓట్స్ పొడి, కోరిన క్యారెట్, సన్నగా తరిగిన కొత్తిమీర, నలిపిన ఎండుగడ్డి, తడికి కాసిని నీళ్ళు. ఉప్పు, తీపి, నూనె ఏమీ లేవు. మామగారి ఓవెన్‌లోనే సన్న సెగకు, పటుక్కున విరిగేదాకా ఆరనిచ్చాను. ప్రతి వాయిలోనూ ఒకటి నేను తిని చూస్తాను. రుచి గురించి మాత్రం అడక్కండి.

మామగారు ఒకటి కొరికి చూశారు. "ఇది తిండా, శిక్షా?"

"మీకు కాదులెండి, మామయ్యా."

"నలభై ఏళ్ళు పిండి పిసికినవాడికి నేర్పుతున్నావా?"

"మనుషులకు చేయడం మీరే నాకు నేర్పారు. కుందేలుకు చేయడం మనిద్దరికీ రాదు. నేను నేర్చుకున్నాను."

మా ఆయన నన్ను వంటింట్లోకి పిలిచి, "పెద్దాయనతో నీకెందుకు? ఒక్క ముక్కకు ఏమవుతుంది?" అన్నాడు. ఆ ఒక్క ముక్కే రోజూ అవుతుందన్నాను. ఇంతకాలం సర్దుకుపోయిన నోరు, ఒకసారి తెరిచాక మూతపడనంది.

ఆదివారం మామగారి చెల్లెలి కుటుంబం వచ్చింది. అందరూ చూస్తుండగా ఆయన గూటి తలుపు తీసి వెన్న బిస్కెట్టు లోపలికి చాపారు. మసి పళ్ళు ఆనించింది. నేను ఆయన చెయ్యి తోసి బిస్కెట్టు లాగేశాను. దాని మూతికి అంటిన పొడి కూడా తుడిచేసి, పక్కనున్న బిళ్ళల డబ్బా చేతిలోకి తీసుకున్నాను.

"నలుగురిలో నా చెయ్యి తోసేస్తావా?"

"తోసేస్తాను. రేపు పెట్టబోయినా తోసేస్తాను."

"ఏం, విషం పెడుతున్నానా?"

"దూదిని చంపింది ఈ బిస్కెట్టే, మామయ్యా. డాక్టరమ్మే చెప్పింది."

ఆయన అరుస్తారనుకున్నాను, అరవాలనే కోరుకున్నాను. నా దగ్గర ఇంకా చాలా మాటలున్నాయి. ఆయన మాత్రం మెల్లగా కుర్చీలో కూలబడి, "మరి నాకు చెప్పలేదేం?" అన్నారు.

"మీరు అలుగుతారని."

అన్నాకగానీ ఆ కారణం ఎంత చిన్నదో నాకు తెలియలేదు. మా అమ్మాయి ఆయన్ని కాదు, నన్ను చూస్తోంది.

"అమ్మా, డాక్టరమ్మ నీకెప్పుడు చెప్పింది?"

అబద్ధమాడొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"దూది పోవడానికి నెల ముందు. గోళ్ళు కత్తిరించడానికి తీసుకెళ్ళినప్పుడు," అన్నాను. "పెట్టింది తాతయ్య. ఆయనకు తెలియదు. తెలిసీ నోరు మూసుకున్నది నేను."

మా అమ్మాయి ఏడవలేదు. వచ్చి గూటి తలుపు గడియ పెట్టి, నా చేతిలోని బిళ్ళల డబ్బా లాక్కుంది. గూటికి వీపు ఆనించి, మా ఇద్దరికీ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఇకనుంచి దీనికి ఎవరేం పెట్టాలన్నా నన్నడగాలి," అంది. "నువ్వు కూడా, అమ్మా."