గౌరునాయుడు మార్చిన దీపాలు

నేను ఒక హాలోజన్ బల్బును. చాలా ఏళ్ళపాటు ఒక అంబాసిడర్ టాక్సీకి కుడికన్నుగా బతికాను. ఎడమకన్ను నా కవల సోదరుడు. ప్రస్తుతం మేమిద్దరం చోడవరంలో టాక్సీ యజమాని గౌరునాయుడి ఇంట్లో, దేవుడి గూట్లో, గాజుగ్లాసులో పరిచిన దూదిమీద విశ్రాంతి తీసుకుంటున్నాం. పక్కన కుంకుమభరిణె, వెనక అమ్మవారి పటం. కారులోంచి ఊడదీసిన బల్బుకు మామూలుగా చెత్తకుండీయే గతి. మాకు గూడు దొరికింది. అదృష్టవంతుణ్ణి చెరిపేవాడు లేడని ఊరికే అనలేదు.

పుట్టింది పెద్ద కర్మాగారంలో. గట్టి గాజుగొట్టంలో రెండు సన్నటి తీగలు బిగించారు. ఒకటి దగ్గర దారికి, ఇంకొకటి దూరపు దారికి. తర్వాత హాలోజన్ వాయువు నింపి మూతి మూసేశారు. మామూలు బల్బులో తీగ కొంచెం కొంచెంగా ఆవిరై గాజుకు మసి పట్టిస్తుంది. నా కడుపులోని వాయువు అలా కానివ్వదు. ఆవిరైనదాన్ని తీసుకొచ్చి మళ్ళీ తీగకే అప్పజెబుతుంది. అందుకే మొదటి రోజు ఎంత వెలుగిచ్చానో ఆఖరి రోజూ దాదాపు అంతే ఇచ్చాను. ఇదంతా గొప్పకు చెప్పుకోవడం లేదు. తర్వాత నామీద ఒక నింద పడింది, అందుకని ముందే చెబుతున్నాను.

నాకు మడి కూడా ఎక్కువే. నా గాజును వట్టి వేలితో ముట్టుకోకూడదు. వేలిజిడ్డు అంటితే ఆ చోట వేడెక్కి పగిలిపోతాను. విశాఖపట్నంలో విడిభాగాల దుకాణదారు నన్ను కాగితంతో పట్టుకుని గౌరునాయుడి చేతిలో పెట్టాడు. గౌరునాయుడు భుజంమీది తువ్వాలుతో అందుకున్నాడు. పసిపిల్లను కూడా అంత జాగ్రత్తగా ఎత్తుకుని ఉండడు. ఆ నిమిషంలోనే ఆయనంటే నాకు ఇష్టం కలిగింది, ఇప్పటికీ తగ్గలేదు.

మా బండి రోజూ తెల్లవారుతూనే చోడవరంలో బయలుదేరి, కొండమలుపుల ఘాటీ ఎక్కి పాడేరు చేరేది. చీకటిపడే వేళకు తిరిగొచ్చేది. బండిలో ఎక్కువగా పాడేరు స్కూళ్ళలో పనిచేసే టీచర్లు ఉండేవారు. చలికాలం పొద్దున్నే ఘాటీమీద మంచు దట్టంగా దిగేది. నా వెలుగు పసుపుపచ్చన, కొంచెం మెత్తన. మంచుతో గొడవ పెట్టుకోకుండా కిందినుంచి దూరి రోడ్డు చూపించేవాణ్ణి.

ఘాటీలో మరో ముఖ్యమైన పని డిప్పర్ కొట్టడం. మలుపు తిరిగేముందు దూరపు తీగను ఒక్కసారి వెలిగించి ఆర్పుతారు. ఒకసారి కొడితే ‘వస్తున్నాను’ అని. రెండుసార్లు కొడితే ‘నువ్వు రా, నేను ఆగాను’ అని. ఆపకుండా కొడుతుంటే దారిలో ఆవైనా పడుకుని ఉండాలి, పోలీసులైనా నిలబడి ఉండాలి. మనుషులు పక్కింటివాడితో మాట కలపడానికి సవాలక్ష ఆలోచిస్తారు గానీ, స్టీరింగు పట్టుకుంటే ముక్కూమొహం తెలియనివాడికి కూడా కన్నుగీటి దారి ఇస్తారు. ఆ కన్నుగీటడం నా ద్వారా జరిగేది. నాకు అదొక సరదా.

గౌరునాయుడికి స్టీరింగు నేర్పింది మేనమామ. తర్వాత పిల్లనిచ్చి మామగారయ్యింది కూడా ఆయనే. ఆ పెద్దాయనకు చూపు మందగించి బండి మానేయవలసి వచ్చింది. బతికినన్నాళ్ళూ వీధరుగుమీద కూర్చుని, పోయే బళ్ళ చప్పుడు విని ‘ఇది ఫలానావాడి లారీ’ అని చెబుతూ రోజులు వెళ్ళదీశాడు. కొన్నాళ్ళకు గౌరునాయుడు పొద్దున్నే నా అద్దం తుడుస్తూ తనలో తాను గొణుక్కోవడం విన్నాను.

“నాను కూడా మామనాగ అరుగెక్కీడవేనేటి?”

అప్పటికి మలుపు దగ్గర రాళ్ళకు వేసిన తెల్లసున్నం ఆయనకు ఆనడం లేదు. ఎదురుబండి పక్కకొచ్చేదాకా అది లారీయో జీపో తెలియడం లేదు. స్టీరింగు పోతుందని భయం పట్టుకుంది. భయం ఉన్నవాడు నిజం వెతకడు, నేరస్థుణ్ణి వెతుకుతాడు. నేరస్థుణ్ణి నేనే అయ్యాను.

“ఈ బల్బులు ముసిలైపోనాయి. ఎలుగు సచ్చిపోనాది,” అని మెకానిక్కు దగ్గర ఫిర్యాదు చేశాడు.

మెకానిక్కు నన్ను వెలిగించి కూడా చూడలేదు. “జెనాన్ పెట్టించీ బావూ. పగల్నాగుంటాది,” అన్నాడు. వచ్చిన బేరాన్ని ఎవడు కాదంటాడు?

ఆ జెనాన్ దీపాలను తిట్టే ఉద్దేశం నాకు లేదు. వాటికి తీగే ఉండదు. వాయువులోనే మెరుపు పుట్టిస్తాయి, దానికి సాయంగా ఒక చిన్న డబ్బా. వెలుగులో నాకంటే రెండు మూడు రెట్లు మేలు. వాటికోసం కట్టిన కారులో పెడితే వాటి అందమే వేరు. కానీ మా అంబాసిడర్ అద్దాలు నా కొలతకు చేసినవి. వాటిలో జెనాన్ పెడితే వెలుగు రోడ్డుమీద తక్కువా, ఎదుటివాడి మొహంమీద ఎక్కువా పడింది. అదేమీ తెలియని గౌరునాయుడు కొత్త దీపాలకు పసుపూ కుంకుమా పెట్టి, ఘాటీలో డ్రైవర్లందరూ ఆగి దండం పెట్టుకునే అమ్మవారి పాదాల దగ్గర కొబ్బరికాయ కొట్టాడు.

మమ్మల్ని పెరట్లోకి విసిరేయబోతుంటే ఆయన భార్య చిలకమ్మ అడ్డం వచ్చింది. “ఇన్నాళ్ళు నిన్ను ఇంటికి తెచ్చినవి బావా. ఇసిరీకు,” అని కొంగుతో పట్టుకుని గూట్లో పెట్టింది. అక్కణ్ణించి ఇల్లంతా కనిపిస్తుంది. కారు ముందు బతికినంతకాలం ఒక్క రోడ్డే చూశాను. ఇల్లు చూడటం ఇప్పుడే మొదలు.

చూస్తే ఏముంది, ఇంట్లోనూ అదే తంతు! ముందు గదిలో ట్యూబులైటు మందంగా ఉందని కొత్తది తెచ్చాడు. వంటింట్లో బల్బు మార్చాడు. వీధి గుమ్మంలో ఇంకా పెద్దది పెట్టాడు. పేపరువాళ్ళు సిరా తగ్గించేశారని కోప్పడ్డాడు. చిలకమ్మ మాట్లాడకుండా చూస్తూ ఉండేది. ఆవిడ మాట్లాడలేదంటే ఏదో లెక్కగడుతోందని నాకు రెండోరోజుకే తెలిసిపోయింది.

ఒకనాడు గౌరునాయుడు పెందరాళే తిరిగొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కూలబడ్డాడు. చిలకమ్మ మంచినీళ్ళిచ్చి అడిగితే చెప్పాడు. పొద్దున ఘాటీలో మంచు. జెనాన్ వెలుగు మంచుకు తగిలి తెల్లగోడలా తిరిగి ఆయన మొహానికే కొట్టింది. మలుపు దగ్గర డిప్పర్ కొట్టాడు. ఆ దీపాలు వెలిగీ వెలగగానే పూర్తి కాంతికి రావు, కొంచెం సమయం తీసుకుంటాయి. ఎదురుగా వచ్చే బస్సు డ్రైవరుకు సైగ అందనేలేదు. రెండు బళ్ళూ ముక్కూ ముక్కూ రాసుకునేంత దగ్గరగా ఆగాయి. వెనక సీట్లో టీచరమ్మలు కేకలు పెట్టారు.

“బస్సోడు దిగొచ్చి, ఎదురొచ్చినోడి కళ్ళు పొడిసీడానికెట్టినావా ఈ లైట్లు అని తిట్టినాడే. తిడితే తిట్టినాడు. ఆ బస్సు నాకు కనపడనేదు సిలకా. అంత బస్సు!” అని, వెంటనే, “ఈ జెనాన్లు కూడా మంచివి కాదు. ఇంకా పెద్దవి ఏయించాల,” అన్నాడు.

మర్నాడు ఆదివారం, టీచర్లకు సెలవు, బండికీ సెలవు. మిట్టమధ్యాహ్నం చిలకమ్మ చేటలో బియ్యం పోసి పెరట్లో ఎండలో ఆయన ముందు పెట్టింది. “కాళీగున్నావు కదా, రాళ్ళేరు.” ఆయన ఏరాడు, శ్రద్ధగానే ఏరాడు. ఆవిడ ఆ బియ్యాన్ని మళ్ళీ చూడకుండా కడిగి వండి వడ్డించింది. మొదటి ముద్దకే కటుక్కుమని రాయి. రెండో ముద్దకు ఇంకొకటి.

“ఏటే ఈ కూడు!”

“నువ్వేరిందే బావా. ఎండలో కూకుని ఏరినావు. కార్లో లైట్లు మార్చీసినావు, ఇంట్లో లైట్లు మార్చీసినావు. ఇంక సూరీడొక్కడే మిగిలినాడు. ఆడికి కూడా జెనాన్ ఏయిద్దువా?”

నేను గూట్లో ఉన్నాను కాబట్టి సరిపోయింది. కారులో ఉంటే నవ్వలేక తీగ తెంచుకునేవాణ్ణి. కానీ గౌరునాయుడు నవ్వలేదు. చేయి కంచంలోనే ఉంచి తల దించుకున్నాడు. అప్పుడు నాకూ నవ్వు పోయింది. ఆయన ఏడుస్తున్నాడు.

“డాట్రు నీ కళ్ళు పోనాయంటే నాకేటుందే? బండి తప్ప నాకేటొచ్చు? మీ అయ్యనాగ అరుగుమీద కూకోనేను.”

చిలకమ్మ దగ్గరగా జరిగి కూర్చుంది. “మా అయ్యకి కంటిలో పువ్వేసింది. ఆపరేసను సేయిద్దావంటే బయపడి, రేపు రేపని దాటేసినాడు. ఆడు అరుగెక్కింది బయంతోటి, ఆపరేసనుతోటి కాదు. నువ్వు రేపు అనకు బావా. ఆ టీచరమ్మలకీ ఇళ్ళల్లో ఎదురుసూసేవోళ్ళుంటారు.”

గౌరునాయుడు బండి తీయనని ఆ పూటే టీచర్లకు కబురు పెట్టాడు.

ఇద్దరూ బస్సెక్కి విశాఖపట్నం కంటి ఆసుపత్రికి వెళ్ళారు. రెండు కళ్ళల్లోనూ ఆ పువ్వే, డాక్టర్ల మాటలో శుక్లాలు. ఒకదాని తర్వాత ఒకటి తీసేశారు. ఈలోగా చిలకమ్మ మెకానిక్కును పిలిపించి, జెనాన్ దీపాలు ఊడదీయించి, కొత్త హాలోజన్ జత వేయించింది. మమ్మల్నే మళ్ళీ పెట్టొచ్చు కదా అని అతడు అడిగితే, గూడెక్కినవాటిని దించకూడదంది. ఆవిడ వాదనలో పస ఎంతో నాకు తెలియదు గానీ, నేను మాత్రం అభ్యంతరం చెప్పలేదు. పని చేసినన్నాళ్ళూ బాగా చేశాను. ఇప్పుడు దూదిమీద హాయిగా ఉంది.

నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నన్నాళ్ళూ గౌరునాయుడు ఇంట్లోనే ఉన్నాడు. ఒక పొద్దున, ఇక అద్దాలు తీసేయవచ్చు, బండి నడుపుకోవచ్చు అని డాక్టరు చెప్పాక, స్నానం చేసి చొక్కా వేసుకుని తాళంచెవి కోసం గూటి దగ్గరికి వచ్చాడు. అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. తలుపులోంచి ఎండ పడుతోంది. గుమ్మం దగ్గర చిలకమ్మ తల దువ్వుకుంటోంది. ఆయన తాళంచెవి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

“సిలకా, నీ జుట్టేటి ఇంత నెరిసిపోనాది?”

ఆవిడ దువ్వెన ఆపలేదు. “ఎప్పుడో నెరిసిపోనాది బావా. నువ్వు దారి సూసుకుంటన్నావు కదా.”

ఈ తాళంచెవి పోతుందనే కదా ఆయన అన్నాళ్ళు వణికింది. దాన్ని తిరిగి మేకుకు తగిలించి, వచ్చి గుమ్మంలో ఆవిడకు ఎదురుగా కూర్చున్నాడు.

“బండి కాసేపాగి తీస్తాను. ఇలాగ తిరుగు. సూడనీ,” అన్నాడు.

“ఓలమ్మో, సిగ్గు నేదేటి!” అంది చిలకమ్మ. అంటూనే తిరిగింది.